సగం తాళం, పూర్తి ఉద్యోగం

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది చదువుతున్నాను. లినక్స్ కెర్నల్ సెక్యూరిటీలో పనిచేయాలని ఉంది. కానీ కేఏఎస్‌ఎల్‌ఆర్ లాంటి రక్షణలు ఉత్త కంటితుడుపని కొందరు నిపుణులే అంటున్నారు. వాళ్లకే తేలని రంగంలోకి వెళ్లొచ్చా సర్?
- ఓ విద్యార్థి, గుంటూరు

జవాబు: నిక్షేపంగా వెళ్లండి. ఆ పేచీ తేల్చడానికే అక్కడ జీతాలిస్తారు.

మీరడిగిన కేఏఎస్‌ఎల్‌ఆర్‌నే చూద్దాం. దాడి చేసేవాడికి అడ్రస్ దొరక్కుండా, బూట్ అయిన ప్రతిసారీ కెర్నల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయను, మెమరీలో కొత్త చోట కూర్చోబెడుతుంది. 2014లో లినక్స్ 3.14తో వచ్చింది. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో కెర్నల్ కోడ్‌కు దక్కే జాగా 1 జీబీ. 2 ఎంబీ చొప్పున జరుపుతారు కాబట్టి ఉన్నవి సుమారు 500 స్థానాలే. పైగా కోడంతా ఒకే దూరం జరుగుతుంది. ఒక్క అడ్రస్ లీకైతే మిగతావన్నీ లెక్కగట్టేయొచ్చు. విమర్శకుల మాటలో అబద్ధం లేదు. మెషీన్ మీద సొంత ప్రోగ్రాం నడపగలిగినవాడికి ఆ లీకు సంపాదించడం పెద్ద పని కాదు. నెట్‌వర్క్ అవతల ఉన్నవాడి సంగతి వేరు. వాడి ఊహ తప్పితే సాధారణంగా మెషీన్ క్రాష్ అవుతుంది, గుట్టు రట్టవుతుంది.

ఇంకో తమాషా వినండి. కేఏఎస్‌ఎల్‌ఆర్‌కున్న ఈ చిల్లు పూడ్చడానికి ఆస్ట్రియాలోని గ్రాజ్ పరిశోధకులు 2017లో కైజర్ అనే పద్ధతి తయారుచేశారు. మామూలు ప్రోగ్రాం నడిచేటప్పుడు కెర్నల్ మెమరీ దాదాపు కనబడకుండా వేరుచేస్తుందది. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, అంటే మామూలు ప్రోగ్రాం కెర్నల్ మెమరీని చదవగలిగే ప్రాసెసర్ లోపం, బయటపడ్డప్పుడు లినక్స్‌ను ఆదుకున్నది అదే, కేపీటీఐ పేరుతో. కాకపోతే సిస్టం కాల్స్, అంటే ప్రోగ్రాంలు కెర్నల్‌ను పని అడిగే పిలుపులు, నెమ్మదించాయి. అందుకే నా మటుకు, సగం రక్షణ కెర్నల్‌లో ఉండాల్సిందే. కానీ ఎవరిని ఆపుతుందో, ఎవరిని ఆపదో, ఖర్చెంతో రాసి మరీ పెట్టాలి. ఇంటర్వ్యూలో నిర్వచనం ఎవరైనా చెబుతారు, ఈ మూడూ చెప్పేవాళ్లు తక్కువ.

సర్టిఫికెట్ కోర్సులకు అప్పుడే డబ్బు కట్టకండి. సీ, ఆపరేటింగ్ సిస్టమ్స్ గట్టిగా పట్టండి. ప్రాక్ డైరెక్టరీలో కాల్‌సిమ్స్ (/proc/kallsyms) అనే ఫైలుంటుంది, కెర్నల్ అడ్రస్‌ల జాబితా అది. మామూలు యూజర్‌గా తెరిస్తే ఉబుంటులాంటి చాలా లినక్స్ డిస్ట్రోల్లో అడ్రస్‌లన్నీ సున్నాలే. సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో తెరిచి ఒక అడ్రస్ రాసుకోండి, రీబూట్ చేసి మళ్లీ చూడండి. తర్వాత లినక్స్ ఫౌండేషన్ వాళ్ల కెర్నల్ మెంటర్‌షిప్‌కు దరఖాస్తు చేయండి.

ఫైనలియర్ ప్రాజెక్టుకు అందరిలా ఇంకో అటెండెన్స్ యాప్ చేయొద్దు. కేపీటీఐ ఉన్నప్పుడు, తీసేసినప్పుడు ఒక్కో సిస్టం కాల్‌కు ఎంత సమయం పడుతోందో కొలవండి. మెల్ట్‌డౌన్ కాలం నాటి ఇంటెల్ మెషీన్ అయితే మేలు, ఆ లోపం లేని కొత్త ప్రాసెసర్లలో కేపీటీఐ దానంతట అది ఆన్ కాదు. మీ కాలేజీ ల్యాబ్‌లో పాత డెస్క్‌టాప్ ఏదైనా దుమ్ముపట్టి ఉందేమో అడగండి.