ఎండ ముదిరితే రెక్కకు బలం తగ్గుతుందా?

ప్రశ్న: మే నెల మధ్యాహ్నం మా జయపురంలో చిన్న విమానం పొద్దుటి కంటే ఎక్కువ దూరం పరిగెత్తి లేస్తుందంటారు. రెక్క అదే కదండీ, తేడా ఎందుకు?
– ఒక పాఠకుడు, కోరాపుట్ జిల్లా

జవాబు: రెక్క అదే, గాలే అది కాదు. రెక్క గాలిని కిందికి మళ్లిస్తుంది, గాలి రెక్కను పైకి నెడుతుంది. ఈ లిఫ్ట్ గాలి సాంద్రతను బట్టి, వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల్లో ఘనమీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. మీ ఊరు సుమారు 600 మీటర్ల ఎత్తు. 40 డిగ్రీల ఎండలో అదే గాలి 1.05 కిలోలకు దిగుతుంది. అంత బరువునే లేపాలంటే సముద్రమట్టం దగ్గరి లెక్క కంటే వేగం 8 శాతం పెరగాలి. పైగా ఇంజనూ, ప్రొపెల్లరూ నీరసిస్తాయి, పరుగు ఇంకా సాగుతుంది.

తమాషా ఏమిటంటే, పైలట్ ముందున్న వేగం ముల్లు లేచేటప్పుడు ఎప్పటి అంకె దగ్గరే ఉంటుంది. ఆ ముల్లు వేగాన్ని చూపేది పిటో గొట్టంలోకి దూరే ఎదురుగాలి ఒత్తిడిని బట్టి; అందులోకి దూరేదీ ఆ పలచటి గాలే మరి.

తొందరపడి ముక్కు ఎత్తితేనే చిక్కు. రెక్కకూ ఎదురుగాలికీ మధ్య కోణం సుమారు 15 డిగ్రీలు దాటితే పైతలాన్ని అంటుకున్న ప్రవాహం ఊడిపోతుంది. లిఫ్ట్ పడిపోతుంది, డ్రాగ్, అంటే విమానాన్ని వెనక్కి లాగే గాలి నిరోధం, ఎగబాకుతుంది. అందుకే బరువు తగ్గించుకోవడమో, పొద్దున్నే బయల్దేరడమో చేస్తారు.