ఫ్లేమ్ గ్రాఫ్ ఒక్కటే సరిపోతుందా? నేనైతే టైమ్‌లైన్ అంటాను

ప్రశ్న: యుఎఫ్‌ట్రేస్‌తో (ప్రోగ్రామ్‌లో ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో రాసుకునే టూల్) మా సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్ ఫంక్షన్ కాల్స్ రికార్డ్ చేశాను. టీమ్‌లో మిగతావాళ్లకి చూపించాలి. డంప్ కమాండ్‌తో ఏ ఫార్మాట్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేస్తే మంచిది? ఫ్లేమ్ గ్రాఫ్ ఒక్కటే సరిపోతుందా?

జవాబు:

సరిపోదు. డంప్‌కి క్రోమ్ ఆప్షన్ ఇచ్చి, వచ్చిన జేసన్‌ని (టెక్స్ట్ రూపంలో ఉండే డేటా) ఒక ఫైల్‌లోకి మళ్లించి, పర్ఫెట్టోలో (రికార్డింగ్‌ని బ్రౌజర్‌లో టైమ్‌లైన్‌గా చూపే టూల్) తెరవండి. ఫ్లేమ్ గ్రాఫ్ (ఎవరు ఎవర్ని పిలిచారో ఒకదాని మీద ఒకటి పేర్చిన పట్టీలుగా చూపే బొమ్మ) సంగతి తర్వాత. ఈ మాటకి ఒప్పుకోనివాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో సగం మందికి తాము చూసే బొమ్మలో పట్టీ వెడల్పు దేనికి గుర్తో తెలీదని నా గట్టి నమ్మకం.

ఎందుకంత గట్టిగా అంటున్నానంటే, అప్పట్లో మేం ఒక సర్వర్ ప్రోగ్రామ్ మీద పనిచేసేవాళ్లం. మామూలుగా చకచకా జవాబిచ్చేది. ఉన్నట్టుండి ఓ సెకను బిగుసుకుపోయేది, మళ్లీ ఏమీ ఎరగనట్టు నడిచేది. ఆ సెకనులో సీపీయూ చూస్తే ఖాళీ. శాంప్లింగ్ చేసే (అప్పుడప్పుడు తొంగిచూసి లెక్కగట్టే) టూల్స్ మామూలుగా సీపీయూ మీద నడుస్తున్న కోడ్‌నే పట్టుకుంటాయి, లాక్ (ఒకసారికి ఒక్కరినే లోపలికి వదిలే తాళం) కోసం పడిగాపులు కాసే థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని) వాటి కంట పడదు. అందుకే యుఎఫ్‌ట్రేస్ పెట్టాం. అది ప్రతి ఫంక్షన్‌లోకి వెళ్లిన క్షణాన్నీ, బయటికొచ్చిన క్షణాన్నీ రాసుకుంటుంది కాబట్టి మధ్యలో నిద్రపోయిన సమయం కూడా లెక్కలోకి వస్తుంది.

రికార్డింగ్ బాగానే వచ్చింది. టీమ్‌లో సీనియర్ ఒకాయన దాన్ని ఫ్లేమ్ గ్రాఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి మీటింగ్‌లో తెర మీద పెట్టాడు. స్ట్రింగ్ చివర ఖాళీలు కత్తిరించే ఒక బుల్లి ఫంక్షన్ పట్టీ తెరలో మూడో వంతు ఆక్రమించింది. "దొంగ దొరికాడు" అన్నాడు. "అన్నా, ఆ వెడల్పు టైమ్ కాదు, ఎన్నిసార్లు పిలిచారో ఆ లెక్క" అన్నాను. "బొమ్మలో కనిపిస్తోంది కదయ్యా" అని ఆ ఫంక్షన్‌ని తిరగరాయడానికి కూర్చున్నాడు. చక్కగా రాశాడు కూడా, కాదనను. సర్వర్ మాత్రం మునుపటిలాగే బిగుసుకుపోతూనే ఉంది.

యుఎఫ్‌ట్రేస్ ఫ్లేమ్ గ్రాఫ్ ఎగుమతిలో చాలామంది పట్టించుకోని విషయం ఇదే. మామూలుగా అది లెక్కపెట్టేది కాల్స్‌ని. శాంపిల్ టైమ్ ఆప్షన్ ఇస్తేనే, నడిచిన సమయాన్ని ఆ విలువతో భాగించి వెడల్పు కడుతుంది. అది ఇచ్చినా మా సమస్యకి లాభం ఉండేది కాదు. ఫ్లేమ్ గ్రాఫ్ ఒకే రకం కాల్ స్టాక్‌లన్నీ (ఎవరు ఎవర్ని పిలిచారన్న వరుసలు) కలిపేస్తుంది. ఎడమ నుంచి కుడికి కాలం నడవదు, పేర్ల అక్షర క్రమం నడుస్తుంది. పని లేక ఎదురుచూసే థ్రెడ్ల పట్టీలే పేజీ నిండా పరుచుకునేవి. ఎప్పుడో ఒకసారి వచ్చే ఆ ఒక్క సెకను ఆ గుంపులో కలిసిపోయేది. అన్నట్టు, ఫ్లేమ్ గ్రాఫ్ కనిపెట్టిన బ్రెండన్ గ్రెగ్ మీద నాకు కోపమేమీ లేదు. 2011లో ఆయన దాన్ని చేసింది మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్ సీపీయూని ఎక్కడ తినేస్తోందో చూడ్డానికి. ఆ పనికి అది బంగారం. మాది ఆ పని కాదు.

నేను అదే రికార్డింగ్ ఫోల్డర్ తీసుకుని క్రోమ్ ఫార్మాట్‌లో డంప్ చేశాను. ఉన్నదున్నట్టు చేయలేదు, అలా చేస్తే బ్రౌజర్ చేతులెత్తేస్తుంది. యుఎఫ్‌ట్రేస్ సొంత ఫైల్‌లో ఒక్కో రికార్డు 16 బైట్లు. అదే జేసన్‌లో ఒక వరుస అవుతుంది: సమయం, ప్రాసెస్ ఐడీ, థ్రెడ్ ఐడీ, పైగా టెంప్లేట్లతో గజం పొడుగు సాగిన సీ ప్లస్ ప్లస్ పేరు. అది కూడా కాల్‌కి రెండుసార్లు, మొదలైనప్పుడు బీ, ముగిసినప్పుడు ఈ. ఫైల్ ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. అందుకని టైమ్ ఫిల్టర్ (చిన్న టి ఆప్షన్) ఒక మిల్లీసెకనుకి పెట్టాను. అంతకంటే త్వరగా ముగిసిన ఫంక్షన్లన్నీ రాలిపోయాయి, మా స్ట్రింగ్ ఫంక్షన్‌తో సహా.

మిగిలిన కొంచెం ఫైల్‌ని పర్ఫెట్టోలో తెరిస్తే వెతకాల్సిన పనే లేకపోయింది. వర్కర్ థ్రెడ్లన్నీ ఒక్కో వరుసలో ఉన్నాయి. ఒకచోట అన్ని వరుసల్లోనూ ఒకేసారి పొడవాటి పట్టీ, అన్నింటి మీదా రాసున్నది పీథ్రెడ్ మ్యూటెక్స్ లాక్, అంటే లాక్ కోసం ఎదురుచూపు. ఒక్క వరుసలో మాత్రం వేరే పేరు ఉంది, ఎఫ్‌సింక్ (ఫైల్‌ని డిస్క్‌కి చేర్చే కాల్). దాని పైన లాగ్ ఫైల్ మార్చే ఫంక్షన్. లాగ్ నిండినప్పుడు ఒక థ్రెడ్ లాక్ పట్టుకుని, ఫైల్‌ని డిస్క్‌కి పూర్తిగా చేర్చేదాకా కూర్చునేది. మిగతా థ్రెడ్లన్నీ తలా ఒక లైన్ లాగ్ రాద్దామని గుమ్మంలో నిలబడేవి. ఎఫ్‌సింక్‌ని లాక్ బయటికి జరిపాం, అంతే. మీటింగ్ కూడా పెట్టలేదు.

లైబ్రరీ కాల్స్‌ని యుఎఫ్‌ట్రేస్ మామూలుగానే రికార్డ్ చేస్తుంది కాబట్టి ఈ రెండు పేర్లూ కనిపించాయి. ట్రేస్ చిన్నగా ఉంటుందని కొందరు నో-లిబ్‌కాల్ (లైబ్రరీ కాల్స్ వద్దనే ఆప్షన్) పెట్టేస్తారు. ఆగిపోయే జబ్బులకి అది పెట్టకండి.

ఫిల్టర్ రికార్డ్ చేసేటప్పుడు పెట్టాలా, డంప్ చేసేటప్పుడా అని అడుగుతారేమో. డిస్క్‌లో చోటుంటే డంప్ దగ్గరే పెట్టండి. రికార్డ్ దగ్గర వదిలేసింది మళ్లీ రాదు, డంప్ మాత్రం అదే డేటా మీద ఎన్ని రకాలుగానైనా చేసుకోవచ్చు. ఒకసారి పెద్ద ఎఫ్‌తో ఒక్క ఫంక్షన్ కిందివి మాత్రమే, ఇంకోసారి పెద్ద డి‌తో లోతు తగ్గించి, అలా. రికార్డ్ చేసేటప్పుడు చిన్న డి‌తో ఫోల్డర్‌కి పేరు పెట్టుకోండి. పెట్టకపోతే కొత్త రికార్డింగ్ రాగానే పాతది పేరు మారి ఓల్డ్ అయిపోతుంది, ఇంకోటి రాగానే ఆ ఓల్డ్ కూడా పోతుంది. దొరక్క దొరక్క దొరికిన బగ్ రికార్డింగ్ అలా ఎగిరిపోయినప్పుడు పడే టెన్షన్ నాకొద్దు.

ఇంకో మాట, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఆర్గ్యుమెంట్లు (ఫంక్షన్లకి ఇచ్చిన విలువలు) కూడా రికార్డ్ చేసి ఉంటే అవి జేసన్‌లోకి వస్తాయి. ఫైల్ చివర మెటాడేటాలో మీరు కొట్టిన కమాండ్ లైన్ కూడా ఉంటుంది. పాస్‌వర్డ్ కమాండ్ లైన్‌లో ఇచ్చే అలవాటున్న ప్రోగ్రామ్ అయితే ఆ ఫైల్‌ని టీమ్ గ్రూప్‌లో పడేసేముందు ఒకసారి తెరిచి చూడండి. అది ఎలాగూ మామూలు టెక్స్టే.

గ్రాఫ్‌విజ్, మెర్మెయిడ్ ఎగుమతులు కూడా ఉన్నాయి. ఎవరు ఎవర్ని పిలిచారో డాక్యుమెంట్‌లో చూపించడానికి బాగుంటాయి, లోతు బాగా తగ్గిస్తేనే. లేకపోతే బొమ్మలో గీతలు తప్ప ఏమీ కనపడవు.

టీమ్‌కి చూపించాలన్నారు కాబట్టి, దయచేసి స్క్రీన్‌షాట్ పంపకండి. టైమ్‌లైన్ విలువంతా జూమ్ చేయడంలోనే ఉంది. స్క్రీన్‌షాట్‌లో సన్నటి రంగు గీతలు చూసి "ఓకే, అర్థమైంది" అనేవాళ్లకి ఏమీ అర్థం కాలేదన్నమాట. జేసన్‌ని జిప్ చేయండి, ఒకే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి బాగా కుదించుకుపోతుంది. ఏ సెకను దగ్గర చూడాలో పక్కన ఒక లైన్ రాసి పంపండి.