సంఘం పెట్టుకుంటున్నామని తెలిసి బదిలీ చేశారు, ఇప్పుడు ఏం చేయాలి?

పాశమైలారంలోని మీ మందుల కర్మాగారంలో సంఘం పెట్టుకోవాలని మాట్లాడుకున్న వారానికే ఇద్దరికి వేరే రాష్ట్రానికి బదిలీ ఉత్తర్వులు వచ్చాయని, మిగిలినవారిని తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టమంటున్నారని, ఇది చట్టప్రకారం చెల్లుతుందా అని అడిగారు. చెల్లదు. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం ఇచ్చినది. సంఘంలో చేరితే పనిలోంచి తీసేస్తామని బెదిరించడం, పాలనా అవసరమనే ముసుగులో దురుద్దేశంతో బదిలీ చేయడం, యాజమాన్యమే తనకు అనుకూలమైన సంఘాన్ని నిలబెట్టడం 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో నిషేధించినవే. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ రెండో షెడ్యూలులోనూ అవి ఉన్నాయి. అయితే బదిలీ చేసే అధికారం యాజమాన్యానికి మామూలుగా ఉంటుంది కనుక, సంఘం కారణంగానే చేశారని చూపవలసిన భారం మన మీద పడుతుంది. నేను దెబ్బతిన్నది అక్కడే.

2011లో మా కర్మాగారంలో 240 మంది పర్మినెంటు కార్మికులం ఉండేవాళ్లం. సంఘం నమోదుకు కార్మికుల్లో పది శాతం లేదా వంద మంది, ఏది తక్కువైతే ఆ సంఖ్య కావాలి (ఏడుగురికి తగ్గకూడదు, ఇప్పటికీ అంతే), కనుక 24 సంతకాలు సేకరించి దరఖాస్తు ఇచ్చాము. సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా గుట్టుగా ఉంటే మంచిదనుకొని యాజమాన్యానికి లిఖితపూర్వకంగా ఏమీ తెలపలేదు. నాలుగో రోజున నాకు బదిలీ ఉత్తర్వు అందింది. కార్మిక శాఖ కార్యాలయంలో జరిగిన జాయింట్ మీటింగులో యాజమాన్యం తరఫు అధికారి, "సంఘం సంగతి మాకు తెలియనే తెలియదు" అన్నారు. వారికి తెలుసుననడానికి కాగితం ఏదైనా ఉందా అని కన్సిలియేషన్ (ఇరుపక్షాలకు రాజీ కుదిర్చే) అధికారి మమ్మల్ని అడిగినప్పుడు మా దగ్గర సమాధానం లేదు.

మమ్మల్ని కాపాడింది ఒక ఫోటో. కర్మాగారం లోపలికి ఫోన్లు అనుమతించరు. టైమ్ ఆఫీసు దగ్గర అరలో పెట్టి వెళ్లాలి, నోటీసు బోర్డు ఆ అర పక్కనే ఉండేది. బయటివారి మాటలు నమ్మి సంఘాల్లో చేరవద్దని తేదీతో, సంతకంతో అంటించిన ఒక నోటీసును మా తోటి కార్మికుడు షిఫ్టు దిగి ఫోను తీసుకుంటూ ఫోటో తీశాడు. దాని మీద ఉన్న తేదీ నా బదిలీకి ముందు రోజుది. తరువాతి మీటింగులో దాన్ని చూపించాక మాట మారింది, అయిదు నెలలకు బదిలీ రద్దయింది. నాతోపాటు బదిలీ అయిన మరొకరు మాత్రం పిల్లల ఫీజులు కట్టలేక అప్పటికే లెక్క తీసుకొని వెళ్లిపోయారు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

కనుక అవసరమైన సంఖ్య పూర్తయి దరఖాస్తు ఇచ్చిన రోజునే, ఆఫీసు బేరర్ల పేర్లతో యాజమాన్యానికి, కార్మిక శాఖకు స్పీడ్ పోస్టులో (రిజిస్టర్డ్ పోస్టు 2025లో ఇందులో కలిసిపోయింది) ఉత్తరం పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి. ఒత్తిడి వల్ల ఎవరైనా పెట్టి ఉంటే ఎవరు, ఎక్కడ, ఎప్పుడు పెట్టించారో ఆ రోజే కార్మిక శాఖకు రాసి ఇవ్వండి. బదిలీ అయిన ఆ ఇద్దరూ ఉత్తరం ముక్క లేకుండా ఇంట్లో కూర్చోవద్దని గట్టిగా చెబుతున్నాను. నేను పదకొండు రోజులు అలా కూర్చున్నందుకు, అనుమతి లేని గైర్హాజరు పేరిట ఛార్జిషీటు ఇచ్చారు, అసలు వివాదం కంటే దాని నుంచి బయటపడటమే కష్టమైంది. అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా తెలిపి, వెంటనే కార్మిక శాఖ దగ్గర వివాదం లేవనెత్తండి. కన్సిలియేషన్ నడుస్తున్నంత కాలం ఆ వివాదానికి సంబంధించిన పని షరతులను కార్మికులకు నష్టం కలిగేలా మార్చకూడదు, ఆ వివాదంతో ముడిపడిన ఆరోపణ మీద అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరినీ తొలగించకూడదు. ఆవేశంలో పని ఆపకండి. సమ్మెకు 14 రోజుల ముందస్తు నోటీసు ఇప్పుడు తప్పనిసరి.

కొత్త కోడ్ ప్రకారం, దురుద్దేశంతో బదిలీ చేయడం వంటి యాజమాన్య చర్యకు మొదటిసారి జరిమానా 10 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు ఉంటుంది. పెద్ద యాజమాన్యాన్ని ఆ మొత్తం భయపెడుతుందని నేను అనుకోను. బదిలీ రద్దు చేయించుకోవడం మీదనే మీరు దృష్టి పెట్టాలి. మీ బదిలీ ఉత్తర్వుల తేదీలు, సంఘం గురించి మొదట మాట్లాడుకున్న తేదీ, తెల్లకాగితాలు ఇచ్చిన తేదీ ఒక కాగితం మీద వరుసగా రాసి ఇక్కడ పెట్టండి, పేర్లు వద్దు. అది చూసి ఉత్తరం ముసాయిదా రాయడానికి సాయం చేస్తాను.