లాప్‌టాప్ ప్రాసెసర్‌తో కారు కంప్యూటర్: మొదలుపెట్టే ముందు

చి. బాబుకు, ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. లాప్‌టాప్ ప్రాసెసర్‌ను డెస్క్‌టాప్ మదర్‌బోర్డులో కూర్చోబెట్టి కారులో నడిపించాలనుకుంటున్నావు. ఆలోచన బాగానే ఉంది. కానీ చిప్ ముందు కొనేసి, దానికి సరిపోయే బోర్డు ఇంట్లో పడి ఉన్న పాతవాటిలో తర్వాత వెతుక్కుంటానని రాశావే, ఆ వరస మాత్రం మార్చు. ఈ పనిలో తేల్చి చెప్పేది బోర్డే. చిప్ ఎంత పొదుపైనదైనా, దాన్ని గుర్తుపట్టని బోర్డులో పెడితే తెర వెలగదు. వెలిగినా సగం వేగంతో నడుస్తుంది.

అసలు ఇదంతా ఎందుకో ముందు తేల్చుకో. పెట్రోలు ఆదా కోసమని ఎవరితోనూ అనకు, నవ్వుతారు. ఇంజను చేసే పని ముందు 40 వాట్ల తేడా ఒక లెక్కే కాదు. మనకు కావలసింది తక్కువ వేడి. ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో లోపలి గాలే 60 డిగ్రీలు దాటవచ్చు. ఏ ఫ్యానూ చుట్టూ ఉన్న గాలికంటే చల్లగా చిప్‌ను ఉంచలేదు. అందుకే తక్కువ వేడి పుట్టించే చిప్, ఎక్కువ వేడిని ఓర్చుకునే చిప్ కావాలి. లాప్‌టాప్ రకాల్లో ఈ రెండు గుణాలూ ఉంటాయి. ఏఎండీ కంపెనీ డెస్క్‌టాప్ చిప్ బార్టన్ అథ్లాన్‌కు 85 డిగ్రీలు గరిష్ఠమైతే, దాని మొబైల్ (అంటే లాప్‌టాప్ రకం) తమ్ముడికి 100 డిగ్రీలు.

నీ దగ్గరున్న పాత బోర్డులతో కుదిరే జోడీలు చెప్తాను.

అన్నిటికన్నా తేలికైనది సాకెట్-ఏ (Socket A) బోర్డులో అథ్లాన్ ఎక్స్‌పీ-ఎం. సాకెట్ అంటే చిప్ కూర్చునే గూడు. పిన్నులు అవే, అడాప్టర్ అక్కర్లేదు. డెస్క్‌టాప్ 2500+ మోడల్ గరిష్ఠంగా 68 వాట్లు తీసుకుంటే మొబైల్ 2500+ 45 వాట్లతో సరిపెట్టుకుంటుంది. 35 వాట్ల రకం కూడా ఉంది. ఈ మొబైల్ చిప్‌లకు మల్టిప్లయర్ (వేగాన్ని నిర్ణయించే గుణకం) తాళం లేదు కాబట్టి వేగాన్ని నీకు కావలసిన చోట నిలుపుకోవచ్చు. మొదటిసారి చేసేవాడివి, నువ్వు దీనితోనే మొదలుపెట్టడం మంచిది.

తర్వాతది సాకెట్ 754లో టురియన్ 64. 2005లో వచ్చింది. ఎంఎల్ వరస 35 వాట్లు, ఎంటీ వరస 25 వాట్లు. అదే సాకెట్‌లో డెస్క్‌టాప్ అథ్లాన్ 64 లెక్క 89 వాట్లు. తేడా నువ్వే చూడు. అయితే బయోస్‌కు (కంప్యూటర్ ఆన్ కాగానే బోర్డు ముందుగా నడిపే ప్రోగ్రాముకు) టురియన్ పేరు తెలిసి ఉండాలి. బోర్డు తయారీదారు ఇచ్చే ప్రాసెసర్ జాబితా చూడకుండా చిప్ కొనకు.

ఇంటెల్ వాళ్ల లాప్‌టాప్ చిప్ పెంటియం ఎం సంగతి వేరు. నిజానికి అప్పట్లో కారుకు దీన్ని మించినది లేదు. 2004లో వచ్చిన డోతన్ రకం 21 వాట్లలో, 533 బస్ రకమైతే 27 వాట్లలో నడిచేది. అప్పటి డెస్క్‌టాప్ ప్రెస్కాట్ పెంటియం 4 కనీసం 84 వాట్లు మింగేది. కానీ పెంటియం ఎం సాకెట్ 479ది, మామూలు 478 బోర్డులో కూర్చోదు. దారులు రెండు. ఒకటి, దాని కోసమే చేసిన ఏఓపెన్, డీఎఫ్ఐ డెస్క్‌టాప్ బోర్డులు. రెండోది, ఏసూస్ వాళ్ల సీటీ-479 అడాప్టర్. ఇది పీ4పీ800-ఎస్ఈ, పీ4సీ800-ఈ డీలక్స్ లాంటి ఆ కంపెనీ బోర్డులు కొన్నిటిలోనే పనిచేస్తుంది, అదీ బయోస్ కొత్తది వేశాక. ముందు మామూలు పెంటియం 4 పెట్టి బయోస్ మార్చు, ఆ తర్వాతే అడాప్టర్ ఎక్కించు. ఇంకోమాట, కోర్ డ్యువో కూడా ఇలాంటి సాకెట్‌దే కదా అని దాన్ని ఇందులో పెట్టబోకు. పిన్నుల అమరిక వేరు.

పెంటియం 4-ఎం 478 బోర్డుల్లో కూర్చుంటుంది గానీ, చాలావాటిలో 1.2 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. లాప్‌టాప్‌లో బ్యాటరీ మీద నడిచే వేగం అది. డెస్క్‌టాప్ బోర్డుకు దాన్ని పైకి లేపడం చేతకాదు. పాటలకూ మ్యాపులకూ అది చాలంటే నీ ఇష్టం, నేనైతే దాని జోలికి పోను.

ఇక వాట్ల లెక్క. చిప్ మీద రాసిన అంకె చూసి మురిసిపోవద్దు. ఇంటెల్ 2008లో ఆటమ్ 230తో డీ945జీసీఎల్ఎఫ్ అనే బోర్డు తెచ్చింది. ప్రాసెసర్ 4 వాట్లే, దాని పక్కనున్న చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా బోర్డుతో కలిపే చిప్) మాత్రం 22 వాట్లు. ఫ్యాన్ పెట్టింది కూడా చిప్‌సెట్ మీదే, ప్రాసెసర్‌కు ఉత్త అల్యూమినియం దిమ్మ. డెస్క్‌టాప్ బోర్డు దేనికైనా ఈ జబ్బు కొంత ఉంటుంది. పైగా విడి గ్రాఫిక్స్ కార్డు పెట్టావంటే ప్రాసెసర్ దగ్గర మిగిల్చిందంతా అక్కడ ఖర్చవుతుంది. గ్రాఫిక్స్ బోర్డులోనే ఉన్నది తీసుకో. అక్కర్లేని పోర్టులన్నీ బయోస్‌లో ఆపేసి, 12 వోల్టుల తీగలో మీటర్ పెట్టి చూడు. నమ్మాల్సింది ఆ అంకెనే.

వోల్టేజీ తగ్గించడం ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం. వేడి వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి మారుతుంది. 1.65 నుంచి 1.45కి దిగితే, వేగం తగ్గించకుండానే దాదాపు 23 శాతం తగ్గుతుంది. అయితే ఆ కాలపు డెస్క్‌టాప్ బోర్డుల్లో చిప్‌కు వోల్టేజీ అందించే రెగ్యులేటర్లు మామూలుగా 1.1 వోల్టుల కిందికి దిగవు. లాప్‌టాప్‌లో తీరికగా ఉన్నప్పుడు 1 వోల్టు లోపే నడిచే చిప్ కూడా ఇక్కడ ఆ మెట్టు మీదే ఆగుతుంది. ఒక్కో మెట్టు దించుతూ గంటల తరబడి లోడ్ పెట్టి పరీక్షించు. ఎక్కడ తడబడిందో అక్కడి నుంచి ఒకటి రెండు మెట్లు పైకి వచ్చి ఆగు. వేసవి మధ్యాహ్నం కారులో పరిస్థితి నీ టేబుల్ మీద ఉన్నట్టు ఉండదు.

లాప్‌టాప్ చిప్‌లకు పైన లోహపు మూత ఉండదు, సిలికాన్ ముక్క బయటికే కనిపిస్తుంది. టురియన్‌కు ఆ మూత లేనందున ఎత్తు తక్కువ, డెస్క్‌టాప్ కూలర్ సరిగా ఆనదు. బ్రాకెట్‌నో క్లిప్‌నో సర్దుకోవాలి. బిగించేటప్పుడు ఒక మూలనే నొక్కితే అంచు చిట్లుతుంది, చిప్ అక్కడితో సరి. ఎత్తయిన బరువు కూలర్లు వద్దు, గుంతల్లో అవి బోర్డును ఊపేస్తాయి.

కరెంటు దగ్గర కాస్త నిదానంగా చదువు, ఎక్కువమంది పనులు చెడేది ఇక్కడే. ఇన్వర్టర్ పెట్టి మామూలు సప్లై తగిలిస్తానంటావేమో, వద్దు. 12ను 230 చేసి మళ్లీ 12 చేయడంలో రెండుసార్లు నష్టపోతావు. నేరుగా డీసీ నుంచి డీసీకి మార్చే కారు సప్లై కావాలి. కారు కరెంటు పేరుకే 12 వోల్టులు. ఇంజను నడుస్తుంటే 14 దాకా ఉంటుంది, స్టార్టర్ తిప్పేటప్పుడు 8 కన్నా కిందికీ జారవచ్చు. ఆల్టర్నేటర్ ఛార్జ్ చేస్తుండగా బ్యాటరీ తీగ ఊడిందో, ఒక్క క్షణం పదుల వోల్టులు ఎగిసిపడతాయి. మామూలు పీకోపీఎస్‌యూ అనే చిన్న సప్లై 12 వోల్టులను ఉన్నదున్నట్టు బోర్డుకు పంపిస్తుంది, కాబట్టి కారుకు పనికిరాదు. ఎం2-ఏటీఎక్స్ లాంటిది 6 నుంచి 24 వోల్టుల దాకా తట్టుకుని 160 వాట్లు ఇస్తుంది. తాళంచెవి తిప్పినప్పుడు తనే ఆన్ చేసి, ఆపినప్పుడు కంప్యూటర్‌ను పద్ధతిగా మూయిస్తుంది.

ఇక్కడ సాకెట్-ఏ బోర్డులో ఒక మెలిక ఉంది. పాతవి చాలావరకు ప్రాసెసర్‌కు కావలసిన కరెంటును 5 వోల్టుల లైను నుంచి లాగుతాయి. 45 వాట్ల చిప్‌కు రెగ్యులేటర్ నష్టం కలుపుకుంటే అది దాదాపు 11 ఆంపియర్లు. చిన్న సప్లైలు ఆ లైనులో అంత ఇవ్వలేవు. నాలుగు పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ ఉన్న బోర్డు చూసుకో.

స్లీప్‌లో ఉంచితే వెంటనే లేస్తుంది, నిజమే. కానీ స్లీప్‌లో 2 వాట్లు పోతున్నాయనుకో, 45 ఆంపియర్-అవర్ బ్యాటరీ దాదాపు పదకొండు రోజుల్లో పూర్తిగా ఖాళీ. కారు స్టార్ట్ కాకపోవడం అంతకు చాలా ముందే మొదలవుతుంది. రోజూ కారు తీసేవాడికి స్లీప్ పర్వాలేదు. వారానికోసారి తీసే నీకు హైబర్నేట్ (పనిని డిస్క్‌లో దాచి పూర్తిగా ఆపడం) మేలు. ఎందుకైనా మంచిది, బ్యాటరీ వోల్టేజీ పడిపోతే పూర్తిగా కట్ చేసే ఏర్పాటు సప్లైలో ఉందో లేదో చూడు. బ్యాటరీ టెర్మినల్‌కు దగ్గర్లోనే ఫ్యూజ్ పెట్టు. కంప్యూటర్, ఆంప్లిఫయర్ రెండింటి ఎర్త్ ఒకే చోట బిగించు. లేకపోతే ఇంజను వేగంతో పాటు స్పీకర్లో కీచుమని శబ్దం పెరుగుతూ ఉంటుంది.

తిరిగే హార్డ్ డిస్క్ వద్దు, ఎస్ఎస్‌డీ పెట్టు. పాత ఐడీఈ (పాతకాలపు డిస్క్ కనెక్టర్) బోర్డయితే అడాప్టర్‌తో కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు కూడా నడుస్తుంది. ర్యామ్, కేబుళ్లు కుదుపులకు ఊడకుండా కాస్త సిలికాన్ జిగురు పూయి. అంతే.

అన్నీ కొత్తగా కొనేవాడివైతే ఇంత తంటా వద్దనే చెప్పేవాణ్ణి. 6 వాట్ల ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ అతికించిన 17 సెంటీమీటర్ల మినీ-ఐటీఎక్స్ బోర్డులు దొరుకుతున్నాయి, వేగంలో పాతవి వాటికి అందవు. ఇంట్లో బోర్డులు పడి ఉన్నాయి, చేత్తో చేసుకోవాలని సరదా ఉంది అన్నావు కాబట్టే ఇంత రాశాను.

కారులో బిగించే ముందు విడి కారు బ్యాటరీ మీద టేబుల్ దగ్గరే కొన్ని రోజులు నడిపించు. ఈలోగా నీ బోర్డుల మోడల్, రివిజన్ నంబరు, ప్రాసెసర్ పక్కన నాలుగు పిన్నుల కనెక్టర్ ఉందో లేదో రాసి పంపు. ఏ చిప్ కొనాలో అప్పుడు చెప్తాను.

ఇట్లు,
మీ బాబాయి