తక్కువ ధర కాంపాక్ట్ కెమెరా కొనేముందు ఏం చూడాలి?

ఫొటోలు ఇప్పుడిప్పుడే నేర్చుకునేవారు చవకైన చిన్న కెమెరాను ఎలా అంచనా వేయాలని అడిగారు. మెగాపిక్సెల్స్ పక్కన పెట్టి, ముందు సెన్సర్ (లెన్స్ వెనక వెలుతురును పట్టి ఫొటోగా మార్చే చిప్) సైజు చూడండి. ఈ ధరలో ఎక్కువగా వచ్చేది 1/2.3 అంగుళాల రకం (ఈ అంగుళాలు పేరుకే, అసలు కొలత కాదు), అంటే సుమారు 6.2×4.6 మిల్లీమీటర్లు. 1 అంగుళం రకమైతే 13.2×8.8; వైశాల్యం నాలుగు రెట్లు.

ఎండలో ఈ తేడా పెద్దగా తెలియదు. హన్మకొండ వేయిస్తంభాల గుడి లోపల, నల్లరాతి స్తంభాల మీది సన్నని చెక్కడాన్ని ఫ్లాష్ లేకుండా తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. చిన్న సెన్సర్‌లో గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, నీడల్లో రంగు చుక్కలు తేలతాయి.

జూమ్‌లో ఆప్టికల్‌నే, అంటే లెన్స్ చేసే జూమ్‌నే, లెక్కేయండి. డిజిటల్ జూమ్ అంటే ఫొటోను కత్తిరించి సాగదీయడమే. పాత మోడల్ అయితే బ్యాటరీ ఇంకా దొరుకుతుందో లేదో తప్పకుండా కనుక్కోండి.