పది వేల డాలర్ల సైకిలు, పదకొండు రోజుల కొండ

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. సియాటిల్ దగ్గర రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్-1బీ. మా ఆవిడ హెచ్-4 మీద ఉంది, ఉద్యోగం చేసే వీలు లేదు. నాలుగేళ్ల పాప. అద్దె, తెనాలిలో అమ్మానాన్నలకు పంపే 800 డాలర్లతో కలిపి నెల ఖర్చు 7,500. అన్నీ పోను నెలకు 1,500 మిగులుతుంది. బ్యాంకులో 28,000 ఉంది. కారు లోన్ ఇంకా 19,000 కట్టాలి, వడ్డీ 6.4 శాతం. 401కె అనే రిటైర్మెంట్ పొదుపుకి, కంపెనీ తన వంతు కలిపే (మ్యాచ్) వరకే కడుతున్నాను. మూడేళ్లుగా మౌంటెన్ బైకింగ్ చేస్తున్నాను. ఇప్పుడున్నది 130 మిల్లీమీటర్ల ట్రైల్ బైకు. 170 మిల్లీమీటర్ల ట్రావెల్ (కుదుపుకి సస్పెన్షన్ నొక్కుకునే దూరం) ఉన్న కార్బన్ ఎండ్యూరో బైకు, టాప్ బిల్డ్ (అన్నిటికన్నా ఖరీదైన విడిభాగాలతో), 9,500 డాలర్లు పెట్టి కొనాలని ఉంది. తొక్కినవాళ్లను అడిగితే సగం మంది కళ్లు మూసుకుని కొనమంటారు, సగం మంది నువ్వు తిరిగే చోటికి దండగ అంటారు. షాపువాళ్లు 18 నెలలు వడ్డీ లేకుండా కట్టుకోమన్నారు. లేదంటే నవంబరులో వెస్ట్ అయ్యే (నా చేతికొచ్చే) 14,000 డాలర్ల ఆర్‌ఎస్‌యూలతో, అంటే కంపెనీ ఇచ్చే షేర్లతో కొంటాను. మా ఆవిడకి ఇష్టం లేదు. ఏం చేయమంటారు? గత ఏడాది రైడ్ల లిస్టు జత చేశాను.

జవాబు: లిస్టు పంపి మంచి పని చేశారు. సగం జవాబు అందులోనే ఉంది.

ముందే చెప్పేస్తాను, నేను కొండల మీద సైకిలు తొక్కినవాణ్ని కాదు. మా ఊరి కాలవ గట్టు మీద నాన్నగారి సైకిలు ఫ్రేములోంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కిన అనుభవమే నాది. అందుకని మీరు చెప్పిన రకం బైకులున్న ముగ్గురు క్లయింట్లకు ఫోన్ చేశాను. మీలాగే నేనూ అభిప్రాయాలు పోగేశానన్నమాట.

మొదటాయన బెల్లింగ్‌హామ్‌లో ఉంటాడు, వారం వారం గాల్‌బ్రెయిత్ కొండ ఎక్కుతాడు. "దిగేటప్పుడు రాళ్లూ వేర్లూ ఉన్నాయన్న సంగతే తెలియదండీ. ఎక్కేటప్పుడు మాత్రం పదహారు కిలోలు నాతోపాటు ఎక్కుతున్నాయని మలుపు మలుపుకీ తెలుస్తుంది" అన్నాడు. మళ్లీ కొనమంటే అదే కొంటాడట. రెండో ఆయనది ఇసాక్వా. పద్నాలుగు నెలలు ఉంచుకుని అమ్మేశాడు. డ్యూథీ హిల్ లాంటి మెలికల ట్రైల్లో ఆ బైకు నిద్రపోతుందనీ, స్పీడ్ ఇస్తేనే లేస్తుందనీ ఆయన ఫిర్యాదు. వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) పొడుగు కాబట్టి మెల్లగా తిరిగే ఇరుకు మలుపుల్లో దాన్ని లాక్కుపోవాల్సి వచ్చేదట. మూడో ఆవిడ వాంకూవర్ వైపు ఉంటారు. బైకు ఎలా ఉందని అడిగితే ఆవిడ దాని రిపేరు ఖర్చులన్నీ వరసగా చదివారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఈ మాటలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి గానీ ఎవరూ తప్పు చెప్పలేదు. ఎవరి కొండ గురించి వాళ్లు చెబుతున్నారు. ఎండ్యూరో రేసుల్లో పైకి ఎవరి కాళ్లతో వాళ్లు తొక్కుకుంటూ పోవాలి, గడియారం మాత్రం కిందికి దిగేటప్పుడే నడుస్తుంది. 2013లో మొదలై, 2023లో వరల్డ్ కప్‌గా మారిన ఎండ్యూరో వరల్డ్ సిరీస్ పద్ధతి కూడా ఇదే. స్పెషలైజ్డ్ ఎండ్యూరో, ట్రాన్సిషన్ స్పైర్, శాంటా క్రూజ్ మెగాటవర్ లాంటి బైకులు ఆ పనికోసం పుట్టినవి. ఎక్కడానికి పనికొస్తాయి, దిగడానికి బతుకుతాయి. కాబట్టి బైకు మంచిదా అని అడిగితే అందరూ మంచిదే అంటారు. ఏడాదిలో ఎన్ని రోజులు అంత కొండ దిగుతారు అన్నది మీ లిస్టే చెప్పాలి.

మీ లిస్టులో 42 రైడ్లున్నాయి. డ్యూథీ హిల్ 31, టైగర్ మౌంటెన్ 6, విస్లర్ 3, గాల్‌బ్రెయిత్ 2. అంటే 170 మిల్లీమీటర్లు నిజంగా అక్కరకొచ్చేది పదకొండు రోజులు. మిగతా 31 రోజులూ మీ పాత బైకే సుఖం. రెండో ఆయన అమ్ముకున్నది కూడా సరిగ్గా అందుకే.

ఇప్పుడు లెక్క వేద్దాం. ధర 9,500 అన్నారు, దాని మీద సేల్స్ ట్యాక్స్ సుమారు 10 శాతం. మీ రాష్ట్రంలో జీతం మీద స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదని సంబరపడతాం గానీ, ఇలాంటి కొనుగోళ్ల దగ్గర సేల్స్ ట్యాక్స్ ఆ సంబరం తీర్చేస్తుంది. పోర్ట్‌లాండ్ వెళ్లి కొంటే ట్యాక్స్ ఉండదు కదా అని మీకు ఇప్పటికే ఎవరో చెప్పి ఉంటారు. ఒరెగాన్‌లో ఉండదు నిజమే. కానీ తెచ్చి వాషింగ్టన్‌లో వాడుకుంటే అంతే మొత్తం యూజ్ ట్యాక్స్ కింద మీరే కట్టాలి. అందుకని 10,450 అనే అనుకోండి. మూడేళ్ల తర్వాత 3,800కి అమ్మారనుకుందాం. నా దృష్టిలో అది ఆశావాదమే. పోయింది 6,650, ఏడాదికి సుమారు 2,200.

దాని మీద మెయింటెనెన్స్. వాంకూవర్ ఆవిడ చదివిన లిస్టు ఇక్కడ పనికొస్తుంది. ముందు ఫోర్కుకి 50 గంటలకోసారి కింది భాగం విప్పి ఆయిల్ మార్చాలని ఫోర్కులు చేసే రాక్‌షాక్స్ కంపెనీ చెబుతుంది. పూర్తి సర్వీసుకి అలాంటిదే ఇంకో కంపెనీ ఫాక్స్ పెట్టిన గడువు 125 గంటలు లేదా ఏడాది. వెనక షాక్‌కీ ఇదే తంతు. ఇలాంటి బైకుకి వేసే మందపాటి టైరు ఒక్కోటి 80 నుంచి 100 డాలర్లు. బ్రేక్ ప్యాడ్లు, చైన్, లింకేజీ బేరింగులు సరేసరి. కిందటేడు ఆవిడకి అయింది 1,100 దాటింది, అందులో షాపు కూలీ సగానికి సగం. మీకూ అంతే అనుకుంటే బైకు మీద ఏటా 3,300. పదకొండు రోజులకి పంచితే రోజుకి 300 డాలర్లు. విస్లర్ బైక్ పార్కులో ఇలాంటి బైకు ఒక రోజు అద్దె ఇంతకన్నా తక్కువే, పైగా సర్వీసుల తలనొప్పి వాళ్లది. టైగర్ మౌంటెన్ పార్కింగుకి కొనే డిస్కవర్ పాస్ ఏడాదికి 45 డాలర్లు. మీ హాబీ మొత్తంలో చవకైంది అదొక్కటే.

అయినా సరదాని రోజుకింత అని కొలవకూడదంటారా? ఒప్పుకుంటాను. నా క్లయింట్లలో ఏడాదికి రెండు సార్లు కట్టుకునే పట్టుచీరకి ఇంతకన్నా ఎక్కువ పెట్టినవాళ్లున్నారు, నేను నోరెత్తలేదు. నన్ను ఆపుతున్నది బైకు ధర కాదు, మీ బ్యాంకు బ్యాలెన్సు.

28,000 అంటే మీ ఇంటికి నాలుగు నెలలు కూడా నిండదు. అందులోంచి బైకు కొంటే మిగిలేది 17,550. రెండు నెలల పైన పదిరోజులు. సంపాదించేది ఒక్కరే. హెచ్-1బీలో ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ 60 రోజుల్లో అద్దె ఆగదు, తెనాలికి పంపేది ఆపలేరు. పాత ఇన్సూరెన్సునే కోబ్రా అనే చట్టం కింద సొంత డబ్బుతో కొనసాగించాలంటే కుటుంబానికి నెలకు రెండు వేల డాలర్ల పైనే పడొచ్చు. ఇల్లు ఖాళీ చేసి తిరుగు ప్రయాణం కట్టాల్సి వస్తే ఆ ఖర్చు వేరు. మీ శ్రీమతి ఎందుకు వద్దంటున్నారో మీరు రాయలేదు. ఆవిడకి ఉన్నది సైకిలు మీద కోపం కాదేమో, ఈ రెండు నెలల లెక్కేమో, ఒకసారి కూర్చుని అడగండి. వీసా ఆవిడదీ మీ ఉద్యోగం మీదే వేలాడుతోంది కదా.

షాపువాళ్ల 18 నెలల ఆఫరు కాగితం తెప్పించుకుని ఒక్క మాట కోసం వెతకండి: డిఫర్డ్ ఇంట్రెస్ట్. అలా ఉంటే వడ్డీ లేనట్టు కాదు, దాన్ని పక్కన రాసి పెడుతున్నారన్నమాట. పద్దెనిమిదో నెల చివర్న ఇంకా వంద డాలర్లు బాకీ ఉన్నా, కొన్న రోజు నుంచి మొత్తానికి వడ్డీ కలిపేస్తారు. స్టోర్ కార్డుల మీద వడ్డీ పాతికా ముప్పై శాతం మధ్య ఉండడం మామూలే. డిఫర్డ్ కాదు, నిజంగానే సున్నా అయినా నెలకు 580 కడుతూ ఉండాలి, మీకు మిగిలేది 1,500.

ఆర్‌ఎస్‌యూల విషయంలో చాలామంది చేసే పొరపాటే మీరూ చేస్తున్నారు. 14,000 విలువ వెస్ట్ అయితే 14,000 చేతికి రాదు. అది జీతం కిందే లెక్క. ఫెడరల్ ట్యాక్స్‌కి 22 శాతం, పైన సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పట్టుకుంటే మిగిలేది పది వేలకి కాస్త తక్కువే. మీరు కోరుకున్న బైకుకి ట్యాక్సుతో కలిపి అదీ చాలదు. నవంబరు దాకా షేరు ధర ఇలాగే ఉంటుందనే హామీ ఎలాగూ లేదు.

ఇక ఒళ్లు. ఎముకల గురించి రాయడానికి మనసు ఒప్పుకోదు గానీ రాయక తప్పదు. నేను ఫోన్ చేసిన ముగ్గురిలో ఇద్దరికి కాలర్ బోన్ విరిగింది. అందులో ఒకరికి ప్లేటు వేశారు. మీ కంపెనీ హెల్త్ ప్లాన్‌లో డిడక్టబుల్ (ఇన్సూరెన్సు చెల్లించడం మొదలుపెట్టే ముందు మీరు కట్టేది) ఎంత, ఏడాదికి మీ జేబులోంచి గరిష్ఠంగా పోయేది ఎంత, ఈ రెండంకెలూ ఈ రాత్రికే చూసి ఫ్రిజ్ మీద అంటించండి. ఆ రెండో అంకె మీ ఎమర్జెన్సీ డబ్బులో భాగమే అనుకోవాలి. విస్లర్ వేరే దేశం. అక్కడ ముందు మీ కార్డు మీద కట్టి తర్వాత ఇక్కడ క్లెయిమ్ చేసుకోవాల్సి రావచ్చు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటే డౌన్‌హిల్ బైకింగ్ మినహాయింపుల లిస్టులో ఉందేమో చదవండి, చాలా పాలసీల్లో ఉంటుంది. కంపెనీ ఇచ్చే డిజెబిలిటీ కవరేజీకి మీరు ఎన్‌రోల్ అయ్యారో లేదో చూసుకోండి. చెయ్యి విరిగితే కీబోర్డు కూడా ఆగుతుంది. ఇండియాలో టర్మ్ పాలసీ ఉంటే, తీసుకున్నప్పుడు సాహస క్రీడల గురించి అడిగిన గడిలో ఏం రాశారో గుర్తు తెచ్చుకోండి. కొత్తగా తీసుకుంటే నిజం రాయండి.

బైకు దొంగతనం సంగతి పొట్టిగా చెప్తాను. రెంటర్స్ ఇన్సూరెన్స్ ఉంటే అది కొత్తది కొనే ధర ఇస్తుందా, తరుగుదల పోను ఇస్తుందా అని అడిగి, జవాబు ఈమెయిల్లో తెప్పించుకోండి.

మరి నేనైతే ఏం చేయమంటాను? ఈ వేసవికి కొనకండి. విస్లర్ వెళ్లినప్పుడు అక్కడే 170 మిల్లీమీటర్ల బైకు అద్దెకు తీసుకోండి. బెల్లింగ్‌హామ్‌లో ఒక డెమో బైకు తీసుకుని గాల్‌బ్రెయిత్ పైకి కూడా మీ కాళ్లతోనే ఎక్కి చూడండి. దిగితే ఎలాగూ నచ్చుతుంది, ఎక్కాక కూడా నచ్చిందా అన్నదే చూడాల్సింది. డెమో అద్దెని తర్వాత కొనుగోలులో తగ్గిస్తారా అని ముందే అడగండి, కొన్ని షాపులు తగ్గిస్తాయి.

ఈ ఐదు నెలల మిగులు 7,500 పొదుపులో వేస్తే నవంబరుకి 35,500 అవుతుంది. ఆర్‌ఎస్‌యూల డబ్బు వచ్చిన రోజే షేర్లు అమ్మి దాంట్లో కలిపితే 45,000 దాటుతుంది. మీ ఆరు నెలల ఖర్చు సరిగ్గా అంతే. డిసెంబరు నుంచి మిగులులో 500 కారు లోన్‌కి అదనంగా కట్టి, 1,000 వేరే ఖాతాలో వేయండి. ఆ ఖాతాకి పేరు మీ ఇష్టం. మే నెలాఖరుకి 6,000 ఉంటుంది, విస్లర్ పార్కు కూడా ఆ నెలలోనే తెరుస్తారు.

ఆరు వేలతో మీరు కలగన్న బైకు రాదంటారేమో. చాలా కంపెనీల్లో ఫ్రేము అదే, లేదా దాదాపు అలాంటిదే వస్తుంది. టాప్ బిల్డుకీ మధ్య బిల్డుకీ ధరలో తేడా ఎక్కువగా కార్బన్ చక్రాలు, ఎలక్ట్రానిక్ గేర్లు, బంగారు రంగు ఫోర్కు గొట్టాల దగ్గరే ఉంటుంది. ఫాక్స్‌లో ఫ్యాక్టరీ అనే రకానికీ పర్‌ఫార్మెన్స్ ఎలీట్ అనే రకానికీ లోపలి డ్యాంపర్ (కుదుపుని అదుపు చేసే భాగం) ఒకటే. పైన ఆ పసుపు కషీమా పూత ఉందా లేదా అన్నదే ముఖ్యమైన తేడా. బెల్లింగ్‌హామ్ ఆయన ఈ మాట చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. నగల షాపులో మజూరీ బేరం గుర్తొచ్చింది. కోవిడ్ రోజుల్లో దొరక్క, తర్వాత గోదాముల్లో గుట్టలు పడి, ఈ పరిశ్రమ డిస్కౌంట్ల బాట పట్టింది కాబట్టి చలికాలంలో పాత ఏడాది మోడళ్లు చూస్తూ ఉండండి. కొన్ని కంపెనీలు చిక్కుల్లో పడ్డాయి కూడా. అందుకని బేరింగులూ, గేర్లు మార్చే డీరైల్యూర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్లూ దొరుకుతాయా అని ఆ షాపులోనే అడిగి కొనండి. సెకండ్ హ్యాండ్ ఇంకా చవక, కానీ చాలా కంపెనీల లైఫ్‌టైమ్ ఫ్రేము వారంటీ మొదటి యజమానికే చెల్లుతుంది. కార్బన్ పగులు కంటికి కనబడకపోవచ్చు. కొనేముందు మెకానిక్ చేత చూపించండి.

ఒకవేళ ఈ లోపు టైగర్ మౌంటెన్ రైడ్లు ఆరు నుంచి ఇరవైకి పెరిగితే నా లెక్క మారిపోతుంది, అప్పుడు సంతోషంగా మార్చుకుంటాను. నవంబరు 401కె స్టేట్‌మెంటు, కొత్త రైడ్ల లిస్టు రెండూ పంపండి. మ్యాచ్ దాటి ఎంత పెంచొచ్చో అప్పుడు మాట్లాడుకుందాం.