డేన్–మాస్టిఫ్ కుక్కపిల్ల కుంటుతుంటే

మీ ఏడు నెలల గ్రేట్ డేన్, మాస్టిఫ్ అనే రెండు పెద్ద జాతుల క్రాస్ కుక్కపిల్ల వారం నుంచి వెనక కాలు కుంటుతోందని, బలం కోసం కాల్షియం పొడి కలుపుతున్నామని రాశారు కదండీ. ముందు ఆ పొడి ఆపేయండి. పెద్ద జాతి పిల్లల కోసం చేసిన ఆహారంలో కాల్షియం సరిపడా ఉంటుంది. ఎక్కువైతే ఎముకల ఎదుగుదలే దెబ్బతింటుంది.

వారం దాటింది కాబట్టి డాక్టరుకు చూపించి తుంటికి, మోకాలికి ఎక్స్‌రే తీయించండి. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం వేయకండి, ప్రాణం మీదికొస్తుంది.

మావాడు కూడా ఆ వయసులో నున్నటి టైల్స్ మీద లేవబోతే వెనక కాళ్లు చెరో వైపు జారిపోయేవి. గోళ్లు గీసుకునే ఆ చప్పుడుకి కడుపు తరుక్కుపోయేది. వాడు తిరిగే దారంతా రబ్బరు మ్యాట్లు పరిచాక ధైర్యంగా లేవడం మొదలెట్టాడు. ఒళ్లు ఎంత పెరిగినా వీటి ఎముకలు గట్టిపడటానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. అందాకా మెట్లు, గెంతులు, బలవంతపు పరుగులు వద్దు. పక్కటెముకలు చేతికి తగిలేంత సన్నగానే ఉంచండి.

తిండి మూడు పూటలుగా పెట్టండి. ఎప్పుడైనా పొట్ట ఉబ్బి, వాంతి రాకుండా ఊరికే డోక్కుంటుంటే కడుపు మెలిపడిందేమోనని అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తండి.

మనుషుల మీదికి ఒరిగిపోతున్నాడన్నారు, అది డేన్ల ప్రేమ. పసివాళ్ల దగ్గర మాత్రం పెద్దవాళ్లు ఒకరు ఉండాలి.